పాస్‌పోర్టు నుంచి ప్రవేశముద్ర దాకా: అంతర్జాతీయ విమాన ప్రయాణ నిబంధనలు

శంషాబాద్ విమానాశ్రయంలో దుబాయ్‌కో సింగపూర్‌కో వెళ్లే ప్రయాణికుడు చెకిన్ కౌంటర్ ముందు నిలబడగానే, అక్కడి ఉద్యోగి పాస్‌పోర్టు అందుకుని యంత్రం మీద పెడతాడు. ఆ కాసేపట్లోనే కంప్యూటర్ చాలా ప్రశ్నలకు జవాబు వెతుకుతుంది. ఈ పాస్‌పోర్టు ఏ దేశానిది? గడువు ఎంత మిగిలింది? చేరబోయే దేశం ఈ పౌరులను వీసా లేకుండా రానిస్తుందా? దారిలో విమానం మారే దేశం ఏమంటుంది? తిరుగు టికెట్ ఉందా? అన్నీ సరిపోతేనే బోర్డింగ్ పాస్ చేతికి వస్తుంది. పరాయి దేశపు సరిహద్దు వేల కిలోమీటర్ల అవతల ఉందని మనం అనుకుంటాం గానీ, ఇవాళ ఆ సరిహద్దు పనిలో చాలా భాగం బయల్దేరే ఊళ్లోనే ముగిసిపోతోంది.

అంతర్జాతీయ విమాన ప్రయాణానికి సాధారణంగా మూడు వేర్వేరు అనుమతులు కావాలి. మొదటిది పాస్‌పోర్టు. ఈ మనిషి మా పౌరుడు, తిరిగి వస్తే మేం రానిస్తాం అని సొంత ప్రభుత్వం ఇచ్చే హామీ అది. రెండోది వీసా. మా గుమ్మం దాకా రావచ్చు అని వెళ్లే దేశపు రాయబార కార్యాలయమో వెబ్‌సైటో ముందుగా ఇచ్చే అంగీకారం. మూడోది ప్రవేశం. విమానం దిగాక ఇమిగ్రేషన్ అధికారి తీసుకునే నిర్ణయం. ఈ మూడూ ముగ్గురు వేర్వేరు అధికారుల చేతుల్లో ఉంటాయి. ఒకరి మాట మరొకరిని కట్టిపడేయదు. ప్రయాణికులకు ఎదురయ్యే కష్టాల్లో అధిక భాగం, మొదటి రెండూ ఉంటే మూడోది దానంతటదే వస్తుందన్న నమ్మకంలోంచి పుట్టినవే.

చిన్న పుస్తకం, పెద్ద ఒప్పందం

రాజులు, సుల్తానులు రహదారి పత్రాలు ఇవ్వడం పాత సంగతి. అందరి దగ్గరా ఒకే తరహా పుస్తకం ఉండాలన్న ఏర్పాటుకు మాత్రం నూరేళ్లు దాటి ఎంతో కాలం కాలేదు. మొదటి ప్రపంచయుద్ధంలో గూఢచారుల భయంతో ఐరోపా దేశాలు సరిహద్దులు బిగించాయి. యుద్ధం ముగిసినా ఆ బిగింపు సడలలేదు. 1920 అక్టోబరులో నానాజాతి సమితి పారిస్‌లో జరిపిన సమావేశం పాస్‌పోర్టుకు ఒక కొలత పెట్టింది. 32 పేజీలు, 15.5 సెంటీమీటర్ల పొడవు, 10.5 సెంటీమీటర్ల వెడల్పు. దేశం ఏదైనా ఆకారం ఇంచుమించు ఒకటే ఉండాలన్న ఆలోచన అక్కడ స్థిరపడింది. రెండేళ్లు తిరక్కుండానే ఆ ఏర్పాటులోని లోటు బయటపడింది. విప్లవం తర్వాత రష్యా విడిచి వచ్చిన లక్షల మందికి ఏ దేశమూ పాస్‌పోర్టు ఇవ్వలేదు. నార్వేకు చెందిన ఫ్రిట్యోఫ్ నాన్సెన్ చొరవతో 1922లో వాళ్ల కోసం ప్రత్యేక ప్రయాణ పత్రం వచ్చింది. దాన్ని నాన్సెన్ పాస్‌పోర్టు అన్నారు. సంగీతకారుడు స్ట్రావిన్‌స్కీ, చిత్రకారుడు మార్క్ షగాల్ లాంటివారు దాని మీదే సరిహద్దులు దాటారు.

విమానయానం పెరిగాక ఈ పని ఐక్యరాజ్యసమితి అనుబంధ సంస్థ అయిన అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థకు వచ్చింది. 1944లో షికాగోలో కుదిరిన ఒప్పందమే దానికి పునాది. పాస్‌పోర్టు ఎలా ఉండాలో చెప్పే 9303 అనే పత్రాన్ని ఆ సంస్థ 1980లో తొలిసారి వెలువరించింది. పాస్‌పోర్టులో ఫొటో ఉన్న పేజీ అడుగున రెండు వరుసల్లో అక్షరాలు, అంకెలు, బాణపు ములుకుల్లాంటి గుర్తులు కనిపిస్తాయి. అవి ఆ పత్రం తెచ్చినవే. ఒక్కో వరుసలో 44 గళ్లు. పై వరుసలో దేశం గుర్తు, పేరు. కింది వరుసలో పాస్‌పోర్టు నంబరు, జాతీయత, పుట్టిన తేదీ, గడువు తేదీ. వీటిలో ముఖ్యమైన ప్రతి అంకెల గుంపు పక్కనా ఒక తనిఖీ అంకె ఉంటుంది.

ఆ అంకె ఎలా వస్తుందో కాగితం మీద లెక్క వేసుకోవచ్చు. పుట్టిన తేదీ 1985 జులై 14 అనుకుందాం. పాస్‌పోర్టులో అది 850714 అవుతుంది. ఈ అంకెలను వరుసగా 7, 3, 1, మళ్లీ 7, 3, 1తో గుణించి కూడితే 56, 15, 0, 49, 3, 4 కలిసి 127. దాన్ని 10తో భాగిస్తే మిగిలేది 7. ఆ తేదీ పక్కన 7 తప్ప మరే అంకె ఉన్నా యంత్రం వెంటనే పట్టేస్తుంది. తేదీలో ఒక అంకె దిద్దిన దొంగ, పక్క అంకె సంగతి తెలియక దొరికిపోతాడు. యంత్రం చదవగల పాస్‌పోర్టులే జారీ చేయాలని 2010 ఏప్రిల్ 1ని దేశాలకు గడువుగా పెట్టారు. 2015 నవంబరు 24 తర్వాత చేతిరాత పాస్‌పోర్టులు అంతర్జాతీయ ప్రయాణానికి చెల్లకుండా పోయాయి. ఒకప్పుడు తల్లి పాస్‌పోర్టులోనే పిల్లల పేర్లు రాసేవారు. మనిషికో పాస్‌పోర్టు అన్న నియమం వచ్చాక చంటిబిడ్డకూ విడి పుస్తకం తప్పనిసరైంది.

ఆపై అడుగు చిప్. 1998లో మలేషియా తొలిసారి పాస్‌పోర్టులో దాన్ని పొదిగింది. భారతదేశం 2008లో అప్పటి రాష్ట్రపతి ప్రతిభా పాటిల్‌కు తొలి ఈ-పాస్‌పోర్టు ఇచ్చింది. సాధారణ పౌరుల వంతు చాలా ఆలస్యంగా, 2024లో నాగ్‌పూర్, భువనేశ్వర్ కార్యాలయాల్లో ప్రయోగాత్మకంగా మొదలైంది. ఆ తర్వాత హైదరాబాద్ సహా మిగతా కేంద్రాలకు పాకింది. అట్ట మీద చిన్న బంగారు రంగు గుర్తు ఉంటే అది చిప్ ఉన్న పుస్తకం. చిప్‌లోని సమాచారం మీద జారీ చేసిన ప్రభుత్వపు డిజిటల్ సంతకం ఉంటుంది. ఫొటో మార్చాలని చూస్తే ఆ సంతకం సరిపోదు.

పాస్‌పోర్టు ఎవరి హక్కు?

ఇప్పుడు వింతగా అనిపించవచ్చు గానీ, 1967 దాకా భారత పౌరుడికి పాస్‌పోర్టు ఇవ్వడం, మానడం పూర్తిగా ప్రభుత్వం ఇష్టం. దాన్ని నియంత్రించే చట్టమే లేదు. సత్వంత్ సింగ్ సాహ్నీ అనే వ్యాపారి తన పాస్‌పోర్టు తిరిగి ఇచ్చేయమన్న అధికారుల ఆదేశాన్ని సుప్రీంకోర్టులో సవాలు చేశాడు. ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం 3-2 తేడాతో ఆయన పక్షాన నిలిచింది. 21వ అధికరణం చెప్పే వ్యక్తిగత స్వేచ్ఛలో విదేశీ ప్రయాణం కూడా భాగమేనని, చట్టం లేకుండా దాన్ని లాక్కునే అధికారం ప్రభుత్వానికి లేదని చెప్పింది. ఆ మెజారిటీ తీర్పు రాసింది రాజమహేంద్రవరంలో పుట్టిన ప్రధాన న్యాయమూర్తి కోకా సుబ్బారావు. గోలక్‌నాథ్ తీర్పుతో ఆయన పేరు ఎక్కువగా వినిపిస్తుంది గానీ, ఈనాడు పాస్‌పోర్టు పట్టుకుని విమానం ఎక్కే ప్రతి సామాన్యుడికీ దగ్గరైన తీర్పు ఇదే. దాని ఒత్తిడితోనే పార్లమెంటు అదే ఏడాది జూన్‌లో పాస్‌పోర్టుల చట్టం చేసింది.

పదేళ్లకు మరో పరీక్ష. 1977 జులైలో మేనకా గాంధీ పాస్‌పోర్టును ప్రజాప్రయోజనం పేరుతో స్వాధీనం చేయమన్నారు. కారణం అడిగితే చెప్పలేదు. 1978 జనవరి 25న ఏడుగురు న్యాయమూర్తుల సుప్రీంకోర్టు ధర్మాసనం, చట్టం ఉన్నంత మాత్రాన చాలదనీ, ఆ చట్టం చూపే పద్ధతి న్యాయంగా, సమంజసంగా ఉండాలనీ తేల్చింది. ఒక పాస్‌పోర్టు వివాదం నుంచి దేశపు రాజ్యాంగ న్యాయశాస్త్రమే మలుపు తిరిగింది.

హక్కు వచ్చినా పుస్తకం చేతికి రావడానికి మాత్రం చాలాకాలం నెలలు పట్టేది. 2010లో బెంగళూరులో ప్రయోగంగా మొదలైన పాస్‌పోర్టు సేవా పథకం ఆ తీరు మార్చింది. బేగంపేట, నిజామాబాద్, విజయవాడ, విశాఖపట్నం, తిరుపతి, భీమవరం కేంద్రాల్లో ముందుగా స్లాట్ తీసుకుని వెళ్తే పని ఒక పూటలో అవుతోంది. పెద్దవాళ్లకు పదేళ్ల గడువుతో 36 పేజీల పుస్తకానికి 1,500 రూపాయలు, 60 పేజీలదానికి 2,000 రూపాయలు రుసుం. తత్కాల్‌కు మరో 2,000. సాధారణ పౌరులకు నీలి అట్ట, ప్రభుత్వ పనిమీద వెళ్లేవారికి తెలుపు, దౌత్యవేత్తలకు ముదురు ఎరుపు. 2023 అక్టోబరు 1న, ఆ తర్వాత పుట్టిన పిల్లలకు పుట్టిన తేదీ రుజువుగా జనన ధ్రువపత్రం ఒక్కటే చెల్లుతుందని 2025లో నిబంధన మార్చారు. ఆస్పత్రి నుంచి ఇంటికి వచ్చిన వెంటనే మునిసిపాలిటీలోనో పంచాయతీలోనో పుట్టుక నమోదు చేయించడం అందుకే ఇదివరకటికంటే ముఖ్యమైంది.

ఇంటిపేరు ఎక్కడ రాయాలి

తెలుగువారి పాస్‌పోర్టు చిక్కుల్లో పెద్దది పేరు. మన అలవాటులో ఇంటిపేరు ముందు, పెట్టిన పేరు వెనక. బడిలో ఇంటిపేరు ఒక్క పొడి అక్షరమై పదో తరగతి సర్టిఫికెట్‌లోకి ఎక్కుతుంది. పాస్‌పోర్టు దరఖాస్తు మాత్రం ఇంటిపేరుకు ఒక గడి, పెట్టిన పేరుకు మరో గడి చూపించి రెండూ పూర్తిగా రాయమంటుంది. పొడి అక్షరాన్ని విప్పకుండా మొత్తం పేరును ఒకే గడిలో రాసేసినవాళ్లు వేలల్లో ఉన్నారు. వాళ్లకు అమెరికా వీసా వచ్చేసరికి పెట్టిన పేరు ఉండాల్సిన చోట, మొదటి పేరు తెలియదు అని చెప్పే మూడు ఇంగ్లిషు అక్షరాలు పడతాయి. అక్కడ డ్రైవింగ్ లైసెన్సు మీద, బ్యాంకు కార్డు మీద అదే అతని పేరైపోతుంది.

యూఏఈ ఇంకాస్త గట్టిగా వ్యవహరించింది. పాస్‌పోర్టులో ఒకే పేరు ఉండి, రెండో గడి ఖాళీగా ఉన్నవారిని విజిట్ వీసా మీద రానివ్వబోమని 2022 నవంబరులో విమానసంస్థలకు చెప్పింది. రెండో పేజీలో తండ్రి పేరో ఇంటిపేరో ఉంటే చాలని ఆ తర్వాత సడలించింది.

పొడుగు పేర్లది మరో గొడవ. యంత్రం చదివే వరుసలో పేరుకు మిగిలేవి 39 గళ్లే. పెద్ద ఇంటిపేరు, దాని వెనక తాతగారిదీ ఇలవేల్పుదీ కలిసిన నాలుగు మాటల పేరు అందులో ఇమడక చివర తెగిపోతుంది. అది తప్పు కాదు, నిబంధనే అలా ఉంది. అసలు జాగ్రత్త పడాల్సింది టికెట్ దగ్గర. లక్ష్మిని ఇంగ్లిషులో పాస్‌పోర్టు ఒకలా, టికెట్ మరొకలా రాస్తే రెండూ వేర్వేరు మనుషులుగా లెక్కపడే ప్రమాదం ఉంది. పాస్‌పోర్టులో అక్షరం ఎలా ఉంటే టికెట్‌లోనూ అలాగే ఉండాలి, కంటికి తప్పుగా కనిపించినా సరే. పెళ్లయిన స్త్రీ ఇంటిపేరు మార్చుకోవాలన్న నిబంధన ఏదీ పాస్‌పోర్టు చట్టంలో లేదు. పెళ్లి ధ్రువపత్రం అడగడం కూడా 2016 డిసెంబరులో మానేశారు. అయినా అత్తింటి పేరు పెట్టాలేమోనని ప్రయాణానికి ముందు హడావిడిగా పాస్‌పోర్టు మార్పించుకునే కుటుంబాలు ఇప్పటికీ ఉన్నాయి. దానివల్ల చదువు సర్టిఫికెట్లకూ పాస్‌పోర్టుకూ పొంతన తప్పి, పోయిన చోట కొత్త తలనొప్పి మొదలవుతుంది.

గడువు ఉండి కూడా చెల్లని పుస్తకం

పాస్‌పోర్టు మీద ఉన్న చివరి తేదీ దాకా అది పనికొస్తుందనుకోవడం పొరపాటు. యూఏఈ, సింగపూర్, మలేషియా లాంటి చాలా దేశాలు అక్కడికి చేరే నాటికి ఇంకా 6 నెలల గడువు ఉండాలంటాయి. అతిథి అనుకోకుండా ఆస్పత్రిలో పడ్డా, విమానాలు ఆగిపోయినా, తిప్పి పంపడానికి చెల్లే పత్రం ఉండాలన్నది దాని ఆంతర్యం. ఐరోపాలోని షెంగెన్ ప్రాంతపు లెక్క వేరు. లక్సెంబర్గ్‌లోని షెంగెన్ ఊరి దగ్గర 1985 జూన్ 14న ఐదు దేశాలు చేసుకున్న ఒప్పందం ఇప్పుడు 29 దేశాలకు విస్తరించింది. అక్కడి వీసాకు పాస్‌పోర్టు గత పదేళ్లలోపు జారీ అయినదై ఉండాలి. తిరుగు ప్రయాణం తర్వాత కనీసం 3 నెలలు చెల్లాలి. రెండు ఖాళీ పేజీలుండాలి. 30,000 యూరోలకు తగ్గని వైద్య బీమా ఉండాలి. ఏ 180 రోజుల వ్యవధి తీసుకున్నా 90 రోజులకు మించి ఉండకూడదు. ఈ రోజుల లెక్క ఇన్నాళ్లూ పాస్‌పోర్టులోని ముద్రలు చూసి అధికారి వేళ్ల మీద వేసేవాడు. 2025 అక్టోబరు 12 నుంచి వేలిముద్రలు, ముఖచిత్రం తీసుకునే కొత్త రాకపోకల వ్యవస్థ మొదలైంది. ఇక లెక్క కంప్యూటర్ వేస్తుంది, ఒక్క రోజు ఎక్కువైనా దాని కంట పడుతుంది.

అమెరికాలో ఉద్యోగం చేసే తెలుగువారికి బాగా తెలిసిన చిక్కు మరొకటి. వీసా మూడేళ్లకు ఉన్నా, పాస్‌పోర్టు ఏడాదిలో ముగిసేటట్టుంటే, దిగినప్పుడు అధికారి ఉండడానికిచ్చే గడువును పాస్‌పోర్టు చివరి తేదీతోనే ఆపేయవచ్చు. ఆ గడువు ఐ-94 అనే రికార్డులో ఉంటుంది. విమాన ప్రయాణికులకు 2013 నుంచి దాన్ని కాగితం మీద ఇవ్వడం లేదు, ఆన్‌లైన్‌లో చూసుకోవాలి. చూడని మనిషి వీసా ఉందన్న ధీమాతో తిరుగుతూ, తెలియకుండానే అక్రమ నివాసి అవుతాడు. దిగిన వారంలోపే ఆ రికార్డు తెరిచి తేదీ చూసుకోమని అక్కడ స్థిరపడినవారు కొత్తవారికి చెప్పడం ఇందుకే.

వీసా చేతికొచ్చాక

హైదరాబాద్‌లో అమెరికా కాన్సులేట్ 2008లో బేగంపేటలోని పైగా ప్యాలెస్‌లో మొదలైంది. స్వాతంత్ర్యం తర్వాత ఆ దేశం భారత్‌లో తెరిచిన మొదటి కొత్త కాన్సులేట్ అదే. 2023 మార్చిలో 34 కోట్ల డాలర్ల ఖర్చుతో కట్టిన నానక్‌రామ్‌గూడ భవనానికి మారింది. ఇంటర్వ్యూకు వెళ్లేవారు ఉస్మాన్‌సాగర్ ఒడ్డున చిలుకూరు బాలాజీ గుడిలో 11 ప్రదక్షిణలు చేసి మొక్కుకోవడం, వీసా వచ్చాక 108 చేసి మొక్కు తీర్చుకోవడం ఈ ప్రాంతపు వీసా సంస్కృతిలో భాగమైపోయింది. అంత ఆత్రుత ఎందుకో అక్కడి చట్టం చదివితే అర్థమవుతుంది. విద్యార్థి గానీ పర్యాటకుడు గానీ, ప్రతి దరఖాస్తుదారుడూ అమెరికాలో స్థిరపడిపోయే ఉద్దేశంతోనే వస్తున్నాడని 214(బి) అనే విభాగం ముందే అనుకుంటుంది. కాదని నిరూపించుకోవడం అతని బాధ్యత. అందుకు దొరికేది కిటికీ ముందు రెండు మూడు నిమిషాలు.

అలా తెచ్చుకున్న వీసా కూడా ప్రవేశానికి హామీ ఇవ్వదని 2015 డిసెంబరులో తెలుగు కుటుంబాలకు బాధగా తెలిసివచ్చింది. కాలిఫోర్నియాలోని రెండు విద్యాసంస్థల్లో చేరడానికి చెల్లే వీసాలతో వెళ్లిన విద్యార్థులను అక్కడి అధికారులు ప్రశ్నించి తిప్పి పంపారు. ఆ వార్త అందాక హైదరాబాద్‌లోనే కొందరిని విమానం ఎక్కనివ్వలేదు. అప్పుచేసి ఫీజు కట్టిన తల్లిదండ్రులకు, వీసా ఇచ్చిన ప్రభుత్వమే ఎందుకు వెనక్కి పంపిందో అంతుపట్టలేదు. వీసా ఇచ్చేది విదేశాంగశాఖ, లోపలికి రానిచ్చేది సరిహద్దు రక్షణ విభాగం. ఏ కోర్సు, ఎక్కడ ఉంటావు, ఖర్చు ఎవరు పెడతారు అన్న ప్రశ్నలకు తడబడితే రెండో విభాగం మొదటి విభాగం నిర్ణయాన్ని పక్కన పెట్టగలదు. విద్యార్థి చేతి సంచిలో విద్యాసంస్థ ఇచ్చిన ఐ-20 పత్రం, ఫీజు రసీదు, బ్యాంకు పత్రాలు ఉండాలని, పెట్టె లగేజీలో వేయకూడదని పెద్దలు చెప్పేది ఉత్త చాదస్తం కాదు.

ఈ మూడో అనుమతి దారి మధ్యలోనే తేలిపోయే చోట్లూ ఉన్నాయి. అబుధాబిలో 2014 నుంచి అమెరికా అధికారులే కూర్చుని ఇమిగ్రేషన్, కస్టమ్స్ తనిఖీ పూర్తిచేస్తారు. ఆ దారిన వెళ్లినవారు న్యూయార్క్‌లో దేశీయ ప్రయాణికుల్లా బయటికి నడుస్తారు. వద్దంటే ఆగిపోయేది కూడా అబుధాబిలోనే.

అతికించే వీసా స్టిక్కర్లు తగ్గిపోతున్నాయి. ఆస్ట్రేలియా 2015 సెప్టెంబరులోనే స్టిక్కర్ మానేసింది. పాస్‌పోర్టు నంబరుకే వీసా జతపడి ఉంటుంది. కాబట్టి వీసా వచ్చాక పాస్‌పోర్టు కొత్తది తీసుకుంటే ఆ సంగతి అక్కడికి తెలియజేయాలి. థాయ్‌లాండ్ 2025 మే నుంచి కాగితపు కార్డు తీసేసి ఆన్‌లైన్ రాక ఫారం పెట్టింది. సింగపూర్‌కు బయల్దేరే ముందు మూడు రోజుల్లోపు అలాంటిదే నింపాలి. ఇవి ఉచితం. అచ్చం ప్రభుత్వ వెబ్‌సైట్లలా కనిపిస్తూ డబ్బు గుంజే పేజీలు వెతుకులాటలో పైన కనిపిస్తాయి, అక్కడ ఆగి చూసుకోవాలి. వీటన్నిటికీ మినహాయింపు నేపాల్. అక్కడికి విమానంలో వెళ్లే భారతీయుడికి ఓటరు కార్డు చాలు, పాస్‌పోర్టు లేకపోయినా.

విమానసంస్థ ఎందుకంత పట్టుదలగా చూస్తుంది

సరైన పత్రాలు లేని మనిషిని తెచ్చిన విమానసంస్థకు జరిమానా వేయడం చాలా దేశాల పద్ధతి. బ్రిటన్ 1987లో ఇందుకు చట్టం చేసింది, ఇప్పుడక్కడ తలకు 2,000 పౌండ్లు. ఐరోపా సమాఖ్య 2001 ఆదేశం ప్రకారం సభ్యదేశాలు 3,000 నుంచి 5,000 యూరోల స్థాయిలో జరిమానాలు పెట్టుకున్నాయి. భారత్‌లో 2025 దాకా అమల్లో ఉన్న 2000 నాటి చట్టం లక్ష రూపాయలు వేసేది. దీనికి తోడు ఆ మనిషిని వెనక్కి తీసుకెళ్లే బాధ్యత కూడా సంస్థదే. అందుకే అంతర్జాతీయ విమాన రవాణా సంఘం నడిపే టిమాటిక్ అనే సమాచార నిధిలో ఏం కనబడితే కౌంటర్ ఉద్యోగికి అదే శాసనం. ప్రయాణికుడు ఎంత వాదించినా అతను తెర మీది మాట దాటలేడు. విమానం మారే దేశానికి కూడా వీసా కావలసి రావచ్చు. రెండు వేర్వేరు టికెట్లు కొని మధ్యలో లగేజీ తీసుకుని మళ్లీ ఇవ్వాల్సి వచ్చేవారు ఎక్కువగా ఇక్కడే చిక్కుకుంటారు. చవక టికెట్ వెతికేటప్పుడు ఈ లెక్క కూడా వేసుకోవాలి.

ఇంత జాగ్రత్తలోనూ కన్నాలున్నాయి. 2014 మార్చి 8న కౌలాలంపూర్ నుంచి బీజింగ్ బయల్దేరి 239 మందితో మాయమైన మలేషియా విమానంలో ఇద్దరు ప్రయాణికులు, థాయ్‌లాండ్‌లో దొంగిలించిన ఆస్ట్రియా, ఇటలీ పాస్‌పోర్టులతో ఎక్కారు. ఆ రెండూ ఇంటర్‌పోల్ 2002 నుంచి నిర్వహిస్తున్న పోయిన పాస్‌పోర్టుల జాబితాలో ఉన్నాయి. బయల్దేరిన చోట ఎవరూ ఆ జాబితా తెరవలేదు. విమానం అదృశ్యం కావడానికి వాళ్లు కారణమని తేలలేదు గానీ, ఆ తర్వాత చాలా దేశాలు ప్రయాణికుల వివరాలను విమానం ఎగరకముందే తెప్పించుకుని పోల్చడం మీద శ్రద్ధ పెంచాయి. పాస్‌పోర్టు పోయిందని పోలీసులకు చెప్పాక అది బీరువాలో దొరికినా మళ్లీ వాడకూడదని అనడానికి కారణం ఈ జాబితాయే.

పత్రాల మధ్య ఇరుక్కున్న మనిషి గతి ఏమిటో మెహ్రాన్ కరీమీ నాసేరీ జీవితం చూపిస్తుంది. ఇరాన్‌కు చెందిన ఈయన శరణార్థి పత్రాలు లేకుండా 1988లో పారిస్ షార్ల్ ద గాల్ విమానాశ్రయంలో చిక్కుకుని, 2006 దాకా అక్కడే టెర్మినల్ బెంచీల మీద బతికాడు. చివరికి 2022 నవంబరులో అదే విమానాశ్రయంలో చనిపోయాడు.

ఆరోగ్యం విషయంలో నేటికీ గట్టిగా అమలయ్యేది పచ్చజ్వరం టీకా. ఆఫ్రికా, దక్షిణ అమెరికాల్లోని ఆ వ్యాధి ఉన్న దేశాల నుంచి వచ్చేవారు టీకా కార్డు చూపకపోతే భారత్‌లో 6 రోజుల దాకా విడిగా ఉంచుతారు. టీకా వేయించుకున్న 10 రోజులకు గానీ కార్డు చెల్లదు, కాబట్టి బయల్దేరే ముందురోజు వేయించుకుంటే పని జరగదు. ఒకసారి వేస్తే జీవితాంతం చెల్లుతుందని 2016 జులైలో నియమం మార్చారు. హైదరాబాద్‌లో నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్ (ఐపీఎం)లో ఈ టీకా వేస్తారు. హజ్‌కు వెళ్లేవారికి మెదడు పొరల వాపు టీకాను సౌదీ అరేబియా తప్పనిసరి చేసింది.

భారత్‌కు వచ్చేవారికి

మన దేశం విదేశీయులకు ఎలక్ట్రానిక్ అనుమతి ఇవ్వడం 2014 నవంబరు 27న మొదలుపెట్టింది. అప్పట్లో 43 దేశాల పౌరులకు, 9 విమానాశ్రయాల్లో. అందులో హైదరాబాద్ ఒకటి. అమెరికా పౌరసత్వం తీసుకున్న తెలుగువారికి భారత పాస్‌పోర్టు ఉండదు, రెండు పౌరసత్వాలను మన రాజ్యాంగం ఒప్పుకోదు. వాళ్ల కోసమే వచ్చిన ఓసీఐ (ఓవర్సీస్ సిటిజన్ ఆఫ్ ఇండియా) కార్డు 2006 జనవరిలో హైదరాబాద్‌లో జరిగిన ప్రవాసీ భారతీయ దివస్‌లో ప్రారంభమైంది. భారతీయులు దేశానికి తిరిగివచ్చినప్పుడు నింపే కార్డును 2014 మార్చిలో, వెళ్లేటప్పటి కార్డును 2017 జులైలో తీసేశారు. విదేశీయులకు 2025 అక్టోబరు నుంచి ఈ-రాక కార్డు వచ్చింది. 1920 నాటి ప్రవేశ చట్టం, 1946 నాటి విదేశీయుల చట్టం సహా నాలుగు చట్టాలను ఒకటిగా చేసిన కొత్త చట్టం 2025 సెప్టెంబరు 1 నుంచి అమల్లో ఉంది. తరచూ ప్రయాణించేవారి కోసం ఢిల్లీలో 2024లో మొదలైన వేగవంతమైన ఇమిగ్రేషన్ ద్వారాలు 2025 జనవరిలో శంషాబాద్‌కూ వచ్చాయి.

గల్ఫ్ దారిలో అదనపు గేటు

ఇప్పటిదాకా చెప్పిన మూడు అనుమతులూ ఉన్నా, పదో తరగతి పాసుకాని కార్మికుడికి నాలుగోది ఒకటుంది. 1983 నాటి వలసల చట్టం కింద అతని పాస్‌పోర్టులో ఈసీఆర్, అంటే వలస తనిఖీ అవసరం అని ఉంటుంది. గల్ఫ్‌లోని ఆరు దేశాలతో పాటు మలేషియా, ఇరాక్, జోర్డాన్, లిబియా లాంటివి కలిపి 18 దేశాలకు ఉద్యోగానికి వెళ్లాలంటే, వలసదారుల సంరక్షణాధికారి దగ్గర క్లియరెన్స్ తీసుకుంటేనే ఇమిగ్రేషన్ దాటనిస్తారు. యజమాని ఎవరు, జీతం ఎంత అన్నవి ముందే ప్రభుత్వ పోర్టల్‌లో నమోదవుతాయి. 10 లక్షల రూపాయల ప్రవాసీ భారతీయ బీమా తప్పనిసరి. లైసెన్సున్న ఏజెంటు 30,000 రూపాయలకు, దాని మీద జీఎస్టీకి మించి తీసుకోకూడదు. ఇంటిపనికి వెళ్లే స్త్రీకి 30 ఏళ్లు నిండాలి.

చదువు తక్కువైనవాడిని కాపాడాలన్నదే దీని ఉద్దేశం. దాన్ని దాటవేసే దారి కూడా అంతే పాతది. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ పల్లెల్లో, కడప, గోదావరి జిల్లాల్లో ఏజెంట్లు విజిట్ వీసా చేతిలో పెట్టి, అక్కడికి వెళ్లాక మార్పిస్తామని పంపుతారు. పర్యాటకుడిగా వెళ్లేవాడికి క్లియరెన్స్ అక్కర్లేదు గనుక ఇమిగ్రేషన్ దాటేస్తాడు. దాంతోపాటే బీమా, జీతం ఒప్పందం, ఫిర్యాదు చేసుకునే హక్కు అన్నీ ఇక్కడే వదిలేసి పోతాడు. ఆజాద్ వీసా అని అమ్మేది కూడా ఇలాంటిదే. పేరుకు ఒక కఫీల్ (స్పాన్సర్) కింద ఉండి, ఎక్కడైనా పనిచేసుకోవచ్చని చెబుతారు. ఏ గల్ఫ్ దేశపు చట్టంలోనూ అలాంటి వీసా లేదు. పట్టుబడితే అతను కల్లివెల్లి, అంటే కాగితాల్లేని మనిషి. 2018 జనవరిలో ఈసీఆర్ పాస్‌పోర్టులకు నారింజ రంగు అట్ట వేయాలని కేంద్రం అనుకుంది. పేదవాడిని రంగుతో వేరుచేస్తారా అన్న నిరసన రావడంతో ఆ నెలాఖరుకే విరమించుకుంది. ఆ విరమణ సరైనదే. రక్షణ పేరుతో మనిషికి ముద్ర వేస్తే, అధికారులకంటే ముందు దాన్ని వాడుకునేది మోసగాళ్లే.

ఒకసారి గల్ఫ్ నుంచి బహిష్కృతుడైనవాడు కొత్త పాస్‌పోర్టుతో మళ్లీ వెళ్లగలిగే రోజులు పోయాయి. వేలిముద్రలు, కనుపాపలు అక్కడి కంప్యూటర్లలో ఉంటున్నాయి. ఆ గోడ దాటడానికి మనుషులు ఎంతకు తెగిస్తారో 2022లో రాచకొండ పోలీసులు బయటపెట్టారు. కువైట్ నుంచి వెనక్కి పంపిన కార్మికుల వేళ్ల చర్మం కోసి, లోపలి పొర కొంత తీసి కుట్టే ముఠాను పట్టుకున్నారు. గీతలు కొన్ని నెలల పాటు మారి కనిపిస్తాయన్న ఆశతో ఒక్కొక్కరూ 25,000 రూపాయలు ఇచ్చారు.

పాస్‌పోర్టు యజమాని లాక్కున్నా, పోయినా, గల్ఫ్‌లో చిక్కుకున్న మనిషికి భారత రాయబార కార్యాలయం ఒకే ప్రయాణానికి చెల్లే అత్యవసర పత్రం ఇస్తుంది. కార్మికులు దాన్ని ఔట్‌పాస్ అంటారు. అది ఇంటికి రావడానికి తప్ప దేనికీ పనికిరాదు. దాని మీద స్థానిక పోలీసుల నిష్క్రమణ అనుమతి కూడా పడాలి. 2024 సెప్టెంబరు నుంచి డిసెంబరు దాకా యూఏఈ ప్రకటించిన క్షమాభిక్షలో జరిమానా లేకుండా బయటపడే అవకాశం వచ్చింది. అలాంటి గడువులు ముగిశాక అక్కడ మిగిలిపోయినవారికి, గడువు మీరి ఉన్న ప్రతి రోజుకూ జరిమానా మళ్లీ లెక్కలోకి వస్తుంది.